అక్టోబర్ మసాలా సెంట్లు మన ఊళ్లో డిసెంబర్‌కి ఎందుకు నప్పుతాయి

సెప్టెంబర్ చివరికొచ్చేసరికి పెర్ఫ్యూమ్ అమ్మేవాళ్లూ, వాటి మీద వీడియోలు చేసేవాళ్లూ అందరూ ఒకటే మాట మీదుంటారు: వేసవి సెంట్లు లోపల పెట్టేయండి, దాల్చినచెక్క, లవంగం, వెనిల్లా, పొగాకు వాసనలున్న సీసాలు బయటికి తీయండి. న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకి ఈ సలహా చక్కగా పనికొస్తుంది. అదే సలహా పట్టుకుని విజయవాడలో ఎవరైనా దసరా ఉక్కపోతలో అలాంటి సెంటు నాలుగు స్ప్రేలు కొట్టుకుని బయటికెళ్తే, గంట తిరక్కుండానే వాళ్లకే వెగటు పుడుతుంది, పక్కవాళ్లకి తలనొప్పి వస్తుంది. సెంటులో లోపమేం లేదు. అది ఏ గాలిని దృష్టిలో పెట్టుకుని తయారైందో ఆ గాలి అక్కడికి ఇంకా రాలేదు.

ఈ రకం సెంట్లు ఆటమ్‌లో, అంటే ఆకులు రాలే కాలంలో, ఎందుకు బాగుంటాయన్నదానికి రెండు కారణాలున్నాయి. ఒకటి భౌతికశాస్త్రం, అది ఎక్కడైనా ఒకటే. రెండోది వంటింటి జ్ఞాపకం, అది దేశాన్ని బట్టి మారిపోతుంది. చాలామంది ఈ రెండిటినీ కలిపేసి చెప్తారు, తికమకంతా అక్కడే మొదలవుతుంది.

ముందు సీసాలో ఏముంటుందో చూద్దాం. వార్మ్ స్పైసీ, అంటే వెచ్చటి మసాలా రకం, అని పిలిచే ఏ పెర్ఫ్యూమ్‌లో అయినా మసాలా దినుసులు పైపొర మాత్రమే. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, మిరియాలు, యాలకులు, కుంకుమపువ్వు, వీటిలో రెండో మూడో ఉంటాయి. వాటి కింద బంకలూ తీపి దినుసులూ ఉంటాయి: సాంబ్రాణి, లాబ్డానమ్, వెనిల్లా, టోంకా గింజ, పచౌలి, గంధం. పేరు మసాలాది, పని మాత్రం ఎక్కువగా కింది పొరది. కావాలంటే ఆ కింది పొర తీసేసి అవే మిరియాలు, యాలకుల్ని నిమ్మతొక్కతోనూ వట్టివేళ్లతోనూ కలిపి చూడండి, చల్లగా, శుభ్రంగా ఉండే సెంటు తయారవుతుంది. ఒంటి మీద దుప్పటి కప్పినట్టుండే ఆ వెచ్చదనం మసాలా ఒక్కదాని వల్ల రాదు, దాన్ని పట్టి ఉంచే బంక వల్ల వస్తుంది.

లాబ్డానమ్ అంటే మధ్యధరా తీరంలో పెరిగే సిస్టస్ అనే పొద ఆకులకి పట్టే జిగురు. పూర్వం క్రీట్ దీవిలో ఆ పొదల్లో మేసొచ్చిన మేకల గడ్డాలకీ బొచ్చుకీ అంటిన జిగురుని దువ్వి తీసేవాళ్లు. ఈ జిగురుకి వెనిల్లా కలిపితే వచ్చే తియ్యటి, తోలులాంటి వాసననే పెర్ఫ్యూమ్ వాళ్లు అంబర్ అంటారు. వెనిల్లా పరిమళానికి మూలమైన వెనిలిన్‌ని జర్మనీలో టీమాన్, హార్మాన్ 1874లో ప్రయోగశాలలో తయారు చేశారు. టోంకా గింజలో ఉండే కౌమరిన్‌ని అంతకుముందే, 1868లో, ఇంగ్లండ్‌లో విలియం పెర్కిన్ చేశాడు. ఈ రెండూ చవగ్గా దొరకడం మొదలయ్యాకే ఇలాంటి సెంట్లకి దారి పడింది. గెర్లాన్ కంపెనీ 1889లో తెచ్చిన జికీలో రెండూ ఉన్నాయి, అదే కంపెనీ 1925లో తెచ్చిన షాలిమార్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. సాంబ్రాణి గురించి తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తలంటు పోశాక పసిపిల్లల జుట్టుకి పట్టే పొగ అదే. స్టైరాక్స్ చెట్ల బంక అది. లావోస్ వైపు నుంచి వచ్చే మేలురకంలో వెనిలిన్ సహజంగానే ఉంటుంది కాబట్టి కాల్చకుండా వాసన చూసినా తియ్యగా ఉంటుంది. అంటే విదేశీ సీసాల్లో అట్టడుగున ఉండేది మన ఇళ్లకి కొత్త వాసనేం కాదు.

ఇక భౌతికశాస్త్రం. వాసన రావాలంటే దినుసు ఆవిరై గాలిలో కలవాలి. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనిన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, లవంగంలోని యూజినాల్ 254 దగ్గర, వెనిలిన్ 285 దగ్గర. ఒంటి మీద ఏదీ మరగదు గానీ ఏది త్వరగా లేచిపోతుంది, ఏది కదలకుండా కూర్చుంటుంది అన్నది ఈ అంకెల్ని బట్టే తెలిసిపోతుంది. ఇలాంటి దినుసులు చాలావాటికి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆవిరయ్యే జోరు దాదాపు రెట్టింపవుతుంది. 15 డిగ్రీల చలిసాయంత్రం వేసుకున్న చొక్కా మీద పడిన సెంటుకీ, 40 డిగ్రీల మధ్యాహ్నం అదే చొక్కా మీద పడిన సెంటుకీ మధ్య తేడా ఐదారు రెట్లు ఉంటుందన్నమాట. ఎండలో ఆ బరువైన దినుసులన్నీ ఒక్కసారి లేస్తాయి, ముక్కు మీద ముద్దగా పడతాయి. చలిలో కొంచెం కొంచెంగా విడుదలవుతాయి, మనిషి కదిలినప్పుడో శాలువా సర్దుకున్నప్పుడో ఓ విడత వస్తాయి. నిమ్మ, పుదీనా లాంటి తేలికపాటి సెంట్లకి చలిలో అసలు పైకి లేచే ఓపికే ఉండదు, కొట్టుకున్నా కొట్టుకోనట్టే ఉంటుంది. చలికాలానికి బరువైన సెంటు అన్న మాటకి అసలు కారణం ఇదే, ఫ్యాషన్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదు.

ఇందులో ఓ మెలిక ఉంది. బట్టల లోపలి చర్మం ఏ కాలంలోనైనా 32, 33 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, అందుకని రుతువు తేడా గుండెల మీద కొట్టుకుంటే తక్కువగానూ, బట్ట మీద కొట్టుకుంటే ఎక్కువగానూ తెలుస్తుంది. ఉన్ని మఫ్లరు, స్వెటర్ లాంటివి వాసనని రోజుల తరబడి పట్టి ఉంచుతాయి. యూరప్‌లో, అమెరికాలో ఈ సెంట్లకి అంత పేరు రావడంలో ఉన్ని బట్టల పాత్ర కూడా ఉంది, పల్చటి నూలు చొక్కాలు తొడిగే చోట ఆ సగం అనుభవం రాదు.

మరి మసాలా వాసన వెచ్చగా ఎందుకు అనిపిస్తుంది? మన నరాల్లో మిరపకాయ మంటని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్‌లో వాటా వచ్చింది కదా, ఆ గ్రాహకాల కుటుంబంలోనే గోరువెచ్చదనానికి స్పందించేది ఒకటుంది, లవంగంలోని యూజినాల్ దాన్ని కదిలిస్తుంది. పుదీనాలోని మెంథాల్ చలిని పసిగట్టే గ్రాహకాన్ని కదిలిస్తుంది. యాలకుల్లో ఎక్కువగా ఉండే సినియోల్ కూడా అటువైపుదే, నీలగిరి తైలంలో ఉండేదీ అదే. కాబట్టి మసాలాలన్నీ వెచ్చనివే అనుకోవడం పొరపాటు. పెర్ఫ్యూమ్ చేసేవాళ్లు వీటిని రెండుగా చూస్తారు: యాలకులు, అల్లం, మిరియాలు, ధనియాలు చల్లటి మసాలాలు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వెచ్చటివి. మిరియం నోట్లో మండుతుంది గానీ ఆ మంట పుట్టించే పైపరిన్ ఆవిరవదు, అందుకే సెంటులో మిరియం వాసన పొడిగా, గాలి తగిలినట్టుగా ఉంటుంది తప్ప ఘాటుగా ఉండదు. అయితే సీసాలో ఉండే కొద్దిపాటి మోతాదుకి ఈ గ్రాహకాలు చేసే పని తక్కువే, మిగతాదంతా ముక్కు ఎప్పుడో నేర్చుకున్న పాఠం.

లవంగం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ మసాలా సెంట్ల కుటుంబం మొత్తానికి వెన్నెముక అదే. లవంగ మొగ్గల తైలంలో 70 నుంచి 90 శాతం దాకా యూజినాల్ ఒక్కటే. దాని దగ్గరి చుట్టం ఐసోయూజినాల్. ఈ రెండిటితోనే కార్నేషన్ పువ్వు వాసనని కడతారు, పాతకాలపు మసాలా సెంట్లు చాలావాటిలో గుండెకాయ ఈ కార్నేషనే. పువ్వూ మసాలా ఒకే దినుసు మీద నిలబడటం వల్ల ఆ రెండిటి మధ్య అతుకు కనపడదు. కానీ ఇవే చర్మానికి ఎలర్జీ తెప్పించే దినుసులు కూడా. యూరప్ 2003లో చేసిన సవరణలో 26 పరిమళ దినుసుల పేర్లు లేబుల్ మీద విడిగా రాయాల్సిందేనని చెప్పింది, ఒంటి మీద ఉండిపోయే ఉత్పత్తుల్లో 0.001 శాతం దాటితే చాలు. యూజినాల్, ఐసోయూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. 2023లో ఆ జాబితా 80 దాటింది. దీనికి తోడు పరిమళ పరిశ్రమ తనకి తానే పెట్టుకున్న ఇఫ్రా పరిమితులు ఉన్నాయి, ఐసోయూజినాల్ మీద అవి మరీ గట్టివి. పాత సెంటు కొత్త సీసాలో పల్చబడిపోయిందని వాడినవాళ్లు అనే మాట ఊరికే పుట్టింది కాదు. ఆ నియమాల వల్ల చర్మం కాపాడుకున్నవాళ్లు ఉన్నారు, అది మంచిదే, కానీ వాటి వల్ల ఓ పాత అందం తగ్గిందన్నదీ నిజమే.

అదే యూజినాల్ పంటి డాక్టర్ దగ్గర కూడా ఉంటుంది. తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి వాడే సిమెంటు జింక్ ఆక్సైడ్‌నీ యూజినాల్‌నీ కలిపి చేసేదే. లవంగం ఎక్కువైన పెర్ఫ్యూమ్ పీల్చి కొందరు మొహం చిట్లించడానికి కారణం ఇది, సెంటు బాగోలేక కాదు.

ఈ వాసనని ప్రపంచం నెత్తిన పెట్టుకున్నది 1977లో. ఆ ఏడాది ఈవ్ సాఁ లోరాఁ కంపెనీ సెంటు ఓపియమ్ పారిస్‌లో విడుదలైంది. తయారుచేసినవాళ్లు జాఁ అమిక్, జాఁ లూయి సియూజాక్. సీసాని పియర్ దినాఁ రూపొందించాడు, జపాన్‌లో సమురాయిలు నడుముకి కట్టుకునే ఇన్రో అనే లక్క పెట్టె దానికి ఆధారం. లోపల లవంగం, మిరియం, దాల్చినచెక్క, కార్నేషన్, మల్లె, వాటి కింద బోళం, ఓపోపొనాక్స్ అనే బంక, లాబ్డానమ్, సాంబ్రాణి, పచౌలి. ఇందులో ఒక్కటీ కొత్త దినుసు కాదు, ఎస్టీ లాడర్ 1953లో స్నానపు నూనెగా అమ్మిన యూత్ డ్యూ అప్పటికే ఈ దారి తొక్కింది. కొత్తదనం మోతాదులో ఉంది. గదిలోకి మనిషి రాకముందే వాసన వచ్చేంత గట్టిగా కట్టారు. పేరు మీద గొడవ రేగింది, ఓపియమ్ అంటే నల్లమందు కదా, 1978లో న్యూయార్క్ రేవులో పెకింగ్ అనే పాత ఓడ మీద విడుదల వేడుక జరిగితే, నల్లమందు వల్ల చైనా ప్రజలు పడ్డ బాధని సరుకు పేరు చేసుకున్నారని అక్కడి చైనా సంతతివాళ్లు నిరసన తెలిపారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయినా అమ్మకాలు ఆగలేదు, ఎస్టీ లాడర్ ఆ 1978లోనే సిన్నబార్ అనే సెంటుతో పోటీకి దిగింది, 1980ల పెర్ఫ్యూమ్‌ల గట్టితనానికి మొదలు ఇక్కడుంది. ఓపియమ్‌లో గమనించాల్సింది బోళం. అది చేదుగా, కాస్త మందుల వాసనతో ఉంటుంది, తీపిని అదుపులో పెడుతుంది. ఇప్పటి మసాలా సెంట్లు చాలావాటిలో ఆ చేదు ఉండదు, వెనిల్లా మీద వెనిల్లా పోసేస్తున్నారు, ఓ గంటకే మొహం మొత్తడానికి అదే కారణం.

తెలుగిళ్లలో ఈ వాసనని ఓపియమ్ ద్వారా ఎరిగినవాళ్లు తక్కువ, ఓల్డ్ స్పైస్ ద్వారా ఎరిగినవాళ్లు బోలెడుమంది. గెడ్డం గీసుకున్నాక రాసుకునే ఆ తెల్ల సీసా, దాని మీద ఓడ బొమ్మ. షుల్టన్ కంపెనీ 1937లో దాన్ని మొదట ఆడవాళ్ల కోసం తెచ్చింది, మగవాళ్లది 1938లో వచ్చింది. అందులోనూ ఉన్నది లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, కార్నేషన్, వెనిల్లానే, కాకపోతే ఆఫ్టర్‌షేవ్ కాబట్టి పల్చగా ఉంటుంది, కాసేపటికే తగ్గిపోతుంది. అందుకే మన ఎండల్లో కూడా అది ఇబ్బంది పెట్టలేదు. మోతాదు తగ్గితే కాలంతో పేచీ తగ్గుతుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు వంటింటి జ్ఞాపకం. అమెరికాలో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ అంటే గుమ్మడికాయతో, యాపిల్‌తో చేసే పై అనే తీపి వంటకాలు, అంటే అక్టోబర్, నవంబర్, థాంక్స్‌గివింగ్ పండగ. స్టార్‌బక్స్ 2003లో పంప్కిన్ స్పైస్ లాటె అనే కాఫీ అమ్మడం మొదలుపెట్టాక ఆ ముడి ఇంకా బిగిసింది. అక్కడ పుట్టి పెరిగిన ముక్కుకి ఆ మూడు వాసనలు తగిలితే ఆకులు రాలే కాలం గుర్తొస్తుంది, తీపి గుర్తొస్తుంది. తెలుగు ముక్కుకి అవే మూడు కలిసొస్తే గుర్తొచ్చేది పలావు. గరం మసాలా. వేట మాంసం కూర. మన వంటలో ఈ దినుసులు ఉప్పూకారంతో కలిసుంటాయి, ఏడాది పొడవునా ఉంటాయి, ఏ ఒక్క నెలకీ కట్టుబడి ఉండవు. కనక అక్కడివాళ్లు హాయిగా ఉందన్న సెంటు ఇక్కడ బట్టలకి వంటగది వాసన పట్టినట్టు తోచడంలో వింతేం లేదు. దాల్చినచెక్కా లవంగం పక్కన బిర్యానీ ఆకుని, జీలకర్రని గుర్తుచేసేది ఏదైనా పడితే ఇక సెంటు అనిపించదు. జీలకర్ర మరీ తంటా, కొద్దిగా వేస్తే చర్మపు వెచ్చదనం వస్తుంది, చిటికెడు ఎక్కువైతే తాలింపో, చెమటో తెలియని వాసన వస్తుంది. మన ముక్కుకి నప్పే మసాలా సెంటు కావాలంటే అందులో వంటింట్లో లేనిది ఏదో ఒకటి గట్టిగా ఉండాలి: పొగాకు, తోలు, బోళం, పచౌలి, గులాబీ. విక్టర్ అండ్ రాల్ఫ్ 2012లో తెచ్చిన స్పైస్‌బాంబ్‌లో దాల్చినచెక్క, కుంకుమపువ్వు ఉన్నా వాటి పక్కన పొగాకు, తోలు, వట్టివేళ్లు ఉన్నాయి, అది కూర వాసన అనిపించకపోవడానికి కారణం ఆ పొగాకూ తోలే.

రుతువు విషయంలో మన పాత లెక్క చాలా స్పష్టంగా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే విచిత్రం. వాగ్భటుడి అష్టాంగహృదయంలో ఏ రుతువులో ఒంటికి ఏం పూసుకోవాలో చెప్పిన అధ్యాయం ఒకటుంది. హేమంతంలో, అంటే మార్గశిర పుష్యాల్లో, కుంకుమపువ్వూ కస్తూరీ పూసుకుని అగరు ధూపం పట్టించుకోమంటాడు. శరత్తులో, ఆశ్వయుజ కార్తికాల్లో, చందనం, వట్టివేళ్లు, కర్పూరం పూసుకుని సాయంత్రం మేడ మీద వెన్నెల్లో కూర్చోమంటాడు. వానలు వెనకపట్టి ఎండ మళ్లీ చురుక్కుమనే కాలం కాబట్టి ఆ సమయంలో ఒంటికి కావలసింది చలవ. అంటే మనకి అక్టోబర్ చలవ వాసనల కాలం, వెచ్చటివి డిసెంబర్ కాలం. ఈ మాట ఆవిరి లెక్కతోనూ సరిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తర్లు అమ్మేవాళ్లు ఇప్పటికీ ఇదే పద్ధతి పాటిస్తారు: ఎండాకాలానికి ఖస్, అంటే వట్టివేళ్ల అత్తరు, చలికాలానికి శమామా. మసాలాలు, మూలికలు, బంకలు ఎన్నో కలిపి డేగులనే పెద్ద రాగి పాత్రల్లో బట్టీ పెట్టి, ఆ ఆవిరిని గంధపునూనెలోకి దింపి చేసే అత్తరు శమామా, వార్మ్ స్పైసీ అన్న మాట పుట్టకముందు నుంచీ ఉన్న వార్మ్ స్పైసీ అదే. హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లలో శమామా అని అడిగితే తీసి మణికట్టుకి రాసి చూపిస్తారు. వేలకి వేలు పోసి విదేశీ సీసా కొనేముందు దీన్ని ఓసారి వాసన చూడటం అవసరం, ఈ కుటుంబం నచ్చుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

దసరా, దీపావళి రోజుల్లో మసాలా సెంటే కావాలనుకుంటే చల్లటి మసాలాల వైపు వెళ్లొచ్చు. కార్టియేకి జాఁ క్లోద్ ఎల్లెనా 1998లో చేసిన డిక్లరేషన్ యాలకుల మీద నడుస్తుంది. ఎర్మెస్‌కి ఆయనే 2006లో చేసిన తేర్ ద్ఎర్మెస్‌లో నారింజ, మిరియం, వట్టివేళ్లు ఉంటాయి. వాగ్భటుడు శరత్తుకి చెప్పిన వట్టివేళ్లు అందులో ఉండటం కాకతాళీయమే గానీ ఉక్కపోతలో దాని పనితనం మాత్రం కాకతాళీయం కాదు. దాల్చినచెక్క, వెనిల్లా, పొగాకు సీసాలని హైదరాబాద్‌లో నవంబర్ చివరి నుంచి తీయొచ్చు, ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపైతే ఇంకా ధైర్యంగా. కోస్తా ఊళ్లలో డిసెంబర్ రాత్రుల్లో కూడా ఒక్క స్ప్రే మించక్కర్లేదు. డల్లాస్‌లో ఉండే తెలుగువాళ్లకి కూడా అక్టోబర్ మధ్యాహ్నాలు చాలాసార్లు వేసవిలాగే ఉంటాయి, షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ల లెక్క వాళ్లకి పనిచేయదు. క్యాలెండర్ కన్నా ఆ రోజు సాయంత్రం ఉష్ణోగ్రత చూసుకోవడం మేలు: 20 డిగ్రీల లోపు ఉంటే వెచ్చటి సెంటుకి ఢోకా లేదు, 28 దాటితే వద్దు, మధ్యలో ఉంటే మోతాదు సగం.

ఏసీ ఆఫీసు సంగతి వేరు. లోపల 22, 23 డిగ్రీలే ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ ఆ గాలి అక్కడక్కడే తిరుగుతుంది, వెనిల్లా, అంబర్ లాంటి బరువైన వాసనలు సాయంత్రం దాకా ఆ గది వదలవు. పక్క సీటువాళ్లకి పార్శ్వనొప్పి ఉంటే అది నిజంగా శిక్షే. ఆఫీసుకి వెళ్లే రోజు బట్టల లోపల, ఛాతీ మీద ఒక్కటి చాలు. చలిగాలికి చర్మం పొడిబారితే సెంటు నిలవదు కాబట్టి ముందు వాసన లేని క్రీమో కొబ్బరినూనె చుక్కో రాసుకుని దాని మీద కొట్టుకుంటే నయం, అయితే కొబ్బరినూనెకి తన వాసన ఉంటుంది, వెనిల్లాతో అది బాగానే కలుస్తుంది, తోలు వాసనలతో కలవదు. దాల్చినచెక్క, లవంగం గట్టిగా ఉన్నవి చర్మం పడనివాళ్లు మెడ మీద వేసుకోకుండా మోచేతి లోపల చిన్న చోట రాసి ఒకటి రెండు రోజులు చూసుకోవాలి, ఎర్రబడినా దురద పెట్టినా ఆ సీసాతో పని లేదు.

కొనేటప్పుడు అట్టముక్క మీద వాసన చూసి నిర్ణయించుకునే అలవాటు ఈ రకానికి అసలు పనికిరాదు. అట్ట మీద మొదటి పావుగంట వచ్చేది మిరియం, యాలకులు, నారింజ, ఇంటికి తీసుకెళ్లేది ఆ కింది బంకని. చేతి మీద ఒకటి కొట్టించుకుని కొట్టులోంచి బయటికొచ్చేసి, నాలుగైదు గంటలయ్యాక ఆ చెయ్యి మళ్లీ వాసన చూడాలి. అప్పటికి మిగిలిన తీపి నచ్చితే కొనొచ్చు. తెల్ల చొక్కా మీదా పట్టుచీర మీదా మాత్రం నేరుగా కొట్టొద్దు, వెనిలిన్ ఎక్కువున్న సెంటు గాలికీ వెలుతురికీ గోధుమరంగు తిరుగుతుంది, మరక పడితే వదలదు. అదే కారణంగా ఏడాది గడిచాక సీసాలో రసం ముదురు తేనెరంగుకి మారుతుంది, పాడైపోయిందని పారేయాల్సిన పని లేదు, బాత్‌రూమ్‌లో కాకుండా బీరువాలో చీకట్లో పెడితే మళ్లీ మార్గశిరానికి అలాగే పనికొస్తుంది.